మోగ్లీ అడవికి సాలూరు దారి

'జంగిల్ బుక్' చేతికిస్తే ఏ పిల్లాడైనా మోగ్లీతో పాటు పరుగు అందుకుంటాడు. కానీ నాలుగు పేజీలకోసారి కాలికి ముల్లు గుచ్చుకున్నట్టు ఆగిపోతాడు. 'ఢాక్' చెట్టంటే ఏ చెట్టు? 'మోవా' పువ్వు ఎలా ఉంటుంది? 'ఢోల్' అంటే పెళ్లిలో వాయించే డోలా? 'మచాన్' అంటే ఏమిటి? 'కరైత్' ఎవరు? ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే 'అవన్నీ ఎక్కడో ఉత్తరాది అడవుల్లో ఉండేవిలే' అని తప్పించుకుంటారు. డిక్షనరీ తీస్తే నోరు తిరగని లాటిన్ పేరొకటి కనిపిస్తుంది. దాంతో ఉన్న సరదా కాస్తా పోతుంది.

ఆ ప్రశ్నలకు జవాబులు వెతుక్కుంటూ మధ్యప్రదేశ్‌లోని సియోనీ కొండల దాకా వెళ్లక్కర్లేదు. విజయనగరంలో బస్సెక్కి సాలూరులో దిగితే చాలు. ఊరు దాటగానే ఎదురయ్యే కొండల్లో కిప్లింగ్ పుస్తకంలోని సగం సరంజామా తెలుగు పేర్లతోనే ఉంది.

సాలూరు అనగానే ఉత్తరాంధ్రలో ఎవరికైనా లారీలే గుర్తొస్తాయి. వేగావతి ఒడ్డునున్న ఈ పట్నంలో లారీ లేని వీధి, లారీతో చుట్టరికం లేని కుటుంబం అరుదంటారు. లారీ బాడీలు కట్టే షెడ్లలో పొద్దుటినుంచీ సుత్తి మోతలే. 26వ నంబరు జాతీయ రహదారి (పాతకాలం డ్రైవర్లకు ఇప్పటికీ అది నలభై మూడే) ఇక్కణ్నుంచి ఘాట్ ఎక్కి, మలుపులు తిరిగి, సుంకి దగ్గర ఒడిశాలో అడుగుపెడుతుంది. అట్నుంచి పొట్టంగి, కొరాపుట్, ఆపైన రాయపూర్. పొట్టంగి చేరువలోనే దేవమాలి ఉంది. 1672 మీటర్లు, ఒడిశాలో అన్నింటికంటే ఎత్తైన శిఖరం. లారీలు పుట్టకముందు కోస్తా ఉప్పు ఎడ్ల వీపుల మీద ఈ కొండలెక్కేది, ధాన్యమూ అడవి సరుకూ కిందికి దిగేవి. అప్పుడూ ఇప్పుడూ సాలూరుది గుమ్మం ఉద్యోగమే. మైదానం ఇక్కడ అయిపోతుంది, మన్యం ఇక్కడ మొదలవుతుంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఊరు విజయనగరం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారడం సబబే.

చిత్రంగా, పుస్తకంలోని మొదటి చిక్కుముడి ఈ షెడ్ల దగ్గరే విడిపోతుంది. 'రిక్కీ టిక్కీ టావీ' కథలో ముంగిస నాగుపాముల్ని చంపగానే ఆ కబురు తోటంతా చాటేది ఒక పిట్ట. దాన్ని కిప్లింగ్ 'కాపర్‌స్మిత్' అన్నాడు. రాగి చెంబు మీద చిన్న సుత్తితో కొట్టినట్టు ఉంటుందట దాని కూత. మనవాళ్లు ఆయన్ని అడక్కుండానే దానికి కంసాలి పిట్ట అని పేరు పెట్టుకున్నారు. పిచుక కంటే కాస్త పెద్దది, ఆకుపచ్చ ఒళ్లు, నుదుటి మీద ఎర్ర బొట్టు, పసుపు గొంతు. మర్రిపళ్లు, రావిపళ్లు దానికి ప్రాణం. ఎండాకాలం మధ్యాహ్నం ఊరంతా కునుకు తీస్తుంటే ఎక్కడో కొమ్మ మీద 'టుక్... టుక్... టుక్...' అంటూ ఆపకుండా కూస్తుంది. కూసేటప్పుడు ముక్కు తెరవదు, అందుకే ఎక్కణ్నుంచి వస్తోందో కనిపెట్టడం కష్టం. సాలూరులోనైతే అది పిట్టో, షెడ్డులో రేకు కొడుతున్న కుర్రాడో తేల్చుకోవడానికి ఇంకాసేపు పడుతుంది.

మంచులో పుట్టిన అడవి

అసలు ఈ పేర్లతో ఇంత తంటా ఎందుకొచ్చింది? రడ్యార్డ్ కిప్లింగ్ 1865లో బొంబాయిలో పుట్టాడు. కుర్రతనంలో లాహోర్, అలహాబాద్ పత్రికల్లో పనిచేశాడు. కానీ మోగ్లీ కథలు రాసింది మాత్రం అమెరికాలోని వెర్మాంట్‌లో, చలికాలం మంచు పేరుకుపోయే ఇంట్లో కూర్చుని. 1894లో మొదటి పుస్తకం, మరుసటేడాది రెండోది వచ్చాయి. రెండూ నవలలు కావు, కథల సంపుటాలు. అన్నింట్లో మోగ్లీ కూడా ఉండడు. అయినా 1990ల్లో దూరదర్శన్‌లో మోగ్లీని చూడటానికి ఆదివారం ఉదయం టీవీకి అతుక్కుపోయిన తరానికి అదంతా ఒకే పెద్ద సాహస గాథ. సియోనీ కొండలు ఆయన కళ్లారా చూసినవి కావు. పుస్తకాల్లో చదివినవీ, ఎవరో చెప్పగా విన్నవీ కలిపి అల్లుకున్న అడవి అది. అందుకే చెట్టూ పుట్టా పేర్లన్నీ హిందుస్తానీలో ఉండిపోయాయి. మనం ఆ పుస్తకాన్ని ఇంగ్లీషులో చదివినా, టీవీలో హిందీలో చూసినా, మన పెరటి చెట్టే మనకు పరాయి పేరుతో ఎదురవుతుంది.

సియోనీకీ సాలూరుకూ మధ్య వందల కిలోమీటర్ల దూరం. కానీ అడవి తీరు ఇంచుమించు ఒకటే. ఎండాకాలం ఆకు రాల్చి, తొలకరికి చిగిర్చే అడవి. మధ్య భారతం నుంచి బస్తర్, కొరాపుట్ మీదుగా తూర్పు కనుమల దాకా అది పరుచుకుని ఉంది. ఇంకో చుట్టరికమూ ఉంది. మోగ్లీ ఈదులాడిన వైన్‌గంగ కల్పిత నది కాదు. అది వార్ధాతో కలిసి ప్రాణహిత అవుతుంది, ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అంటే షేర్‌ఖాన్ దాహం తీర్చుకున్న నీళ్లే రాజమండ్రి పుష్కరాల రేవు ముందునుంచి పోతున్నాయన్నమాట!

ఇప్పపూల జాడ

రెండో పుస్తకం మొదట్లో అడవికి పెద్ద కరువు వస్తుంది. దాని సూచనల్లో ఒకటిగా కిప్లింగ్ చెప్పింది 'మోవా' పూయకపోవడాన్ని. మోవా అంటే మహువా, మన ఇప్ప. ఆ ఒక్క మాట తెలియకపోతే ఆ సన్నివేశంలోని భయం అర్థం కాదు. కొండ మీద బతికేవాళ్లకు మాత్రం వివరించక్కర్లేదు. ఇప్ప పూయని ఏడు అంటే తిండికీ చేతిలో డబ్బుకీ రెంటికీ కరువే.

మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఇప్పచెట్ల కింద లేత పసుపు రంగు పూలు టపటపా రాలతాయి. మైనంతో చేసినట్టు మందంగా, తేమగా, తీపి వాసనతో ఉంటాయి. ఎండ ఎక్కకముందే ఏరుకోవాలి. ఆడవాళ్లూ పిల్లలూ బుట్టలతో చెట్ల కింద చేరతారు. ఎండబెడితే పూలు కిస్మిస్‌లా ముడుచుకుంటాయి. వండుకోవచ్చు, అమ్ముకోవచ్చు, సారా కాయవచ్చు. తర్వాత వచ్చే కాయల పప్పునుంచి ఇప్పనూనె తీస్తారు. అది దీపానికీ పనికొస్తుంది, కూరకీ పనికొస్తుంది. చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు, నరమామిడి చెక్క, ముష్టి గింజలు, తేనె... మన్యంలోని ఇలాంటి అడవి సరుకును కొనడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. జాతాపులు, సవరలు, గదబలు, కొండదొరలు తలల మీద గంపలతో ఘాట్ దిగివచ్చే సంత రోజున కాసేపు ఓ పక్కన నిలబడి చూస్తే చాలు, పుస్తకం చివర అర్థాల పట్టిక అక్కర్లేదు.

ఇక 'ఢాక్' అంటే మోదుగ. షేర్‌ఖాన్ తిరిగొస్తే మైదానం మధ్యలోని ఢాక్ చెట్టు దగ్గర కలుద్దామని మోగ్లీ తన తోడేలు అన్నతో ఒప్పందం చేసుకుంటాడు. ఒకరోజు పశువుల్ని తోలుకుంటూ వెళ్లేసరికి ఆ చెట్టు నిండా బంగారం, ఎరుపు కలిసిన పూలు, దాని కింద తోడేలు! ఫిబ్రవరి చివర్లో ఘాట్ రోడ్డు మీద ప్రయాణం చేసినవాళ్లకు ఆ దృశ్యం బొమ్మ లేకుండానే కళ్లకు కడుతుంది. ఆకు ఒక్కటీ లేకుండా ఒళ్లంతా నిప్పు పెట్టుకున్నట్టు నిలబడే చెట్టది. ఆ ఆకులతో కుట్టిన విస్తళ్లలో భోంచేసినవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లకు ఢాక్ అంటే తెలియదు, పిల్లలకు మోదుగ అంటే తెలియదు. చెట్టు మాత్రం ఒక్కటే.

భల్లూ తినేదేమిటి?

మోగ్లీకి అడవి చట్టం నేర్పిన గురువు బలూ. కిప్లింగ్ అతన్ని గోధుమరంగు ఎలుగు అన్నాడు. దుంపలు, కాయలు, తేనె తప్ప మరేదీ ముట్టని సాధువన్నాడు. సినిమావాళ్లు ఇంకో అడుగు ముందుకేసి డాన్సు కూడా చేయించారు. మన కొండల్లో ఉండే ఎలుగు నల్లది, జూలు బొచ్చుతో ఉంటుంది, ఛాతీ మీద తెల్లటి గుర్రపు నాడా గుర్తు. పై దవడలో ముందరి పళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచి గాలి పీల్చి చెదపుట్టలోని పురుగుల్ని లాగేసుకుంటుంది. ఇప్పపూలకూ, జీడిమామిడి పళ్లకూ, పనసకూ ఎంత దూరమైనా వస్తుంది. తొలి జాము చీకట్లో చెట్టు కింద పూలు ఏరుకునే మనిషీ, అదే చెట్టు కిందికి వచ్చిన ఎలుగూ ఎదురుపడటమే అసలు ప్రమాదం. దాని చూపు అంతంతమాత్రం. దగ్గరికొచ్చేదాకా మనిషిని గమనించదు, గమనించాక బెదిరి మీద పడుతుంది. 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడి చేసి ఒకరి ప్రాణం తీసింది, మరికొందరిని గాయపరిచింది. పట్టుబడ్డాక ఆ ఎలుగూ బతకలేదు. పిల్లలకు బలూ బొమ్మ కొనిచ్చేటప్పుడు ఈ సంగతి చెప్పాలా వద్దా అన్నది పెద్దవాళ్ల ఇష్టం.

ఢోల్ సంగతి మరీ విచిత్రం. 'రెడ్ డాగ్' కథలో దక్కను నుంచి ఎర్రకుక్కల దండు సియోనీ మీదికి వస్తుంది. దక్కను అంటే మన వైపే. అంటే ఆ కథలో దండెత్తి వచ్చేవి మన ఊరి కుక్కలే! తెలుగులో రేచుకుక్కలు. ఊరకుక్కలా మొరగవు, ఈల వేసి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. గుంపు కట్టి తరిమాయంటే దుప్పికి దిక్కుండదు. పులి కూడా వేటను వదిలేసి పోతుందని కిప్లింగ్ రాసింది గిరిజన గూడేల్లో చెప్పుకునే మాటే. అయితే ఆయన లెక్క రెండొందల పైచిలుకు, అది కథ కోసం. నిజం గుంపులో సాధారణంగా పది పన్నెండుకు మించి ఉండవు. ఇప్పుడు మొత్తం ప్రపంచంలోనే పిల్లలు పెట్టే వయసున్న రేచుకుక్కలు రెండున్నర వేల లోపే ఉంటాయని శాస్త్రజ్ఞుల అంచనా. పులిని కాపాడాలని పోస్టర్లు వేసినంతగా వీటి గురించి ఎవరూ వేయరు. మన రాష్ట్రంలో నల్లమలలో, పాపికొండల్లో వీటి ఈల ఇంకా వినిపిస్తోంది.

ఆ దండును మోగ్లీ గెలిచింది 'రాళ్లలోని చిట్టి జనం' సాయంతో. వాళ్లెవరో కాదు, కొండ తేనెటీగలు. కొండ చరియలకీ, మహావృక్షాల కొమ్మలకీ మీటరు పొడుగు పెరలు కట్టి వేలాడదీసేవి. ఒక్కటి కుడితే చాలు, ఆ వాసనకు మిగతావన్నీ లేస్తాయి. మోగ్లీ ఒంటికి అడవి వెల్లుల్లి పులుముకుని, కుక్కల్ని తన వెంట పరుగెత్తించి, పెరల మధ్యనుంచి నదిలోకి దూకేస్తాడు. వెల్లుల్లి మాట కథకుడికే వదిలేద్దాం. ఈ తేనె తీసే గిరిజనులు నమ్ముకునేది చీకటినీ, పొగనూ, తాడు పట్టుకున్న తోటివాడినీ. నగరంలో సూపర్ మార్కెట్ అరలో 'గిరిజన్ తేనె' సీసా చూసి ధర ఎక్కువని వెనక్కి పెట్టేసేవాళ్లు ఒక్కసారి ఆ చరియను ఊహించుకుంటే బాగుంటుంది.

ముళ్లపంది ఇక్కీ గురించి ఒక్క మాట. మన ఏదుపంది అదే. ముళ్లను బాణాల్లా విసురుతుందన్నది ఉత్తమాట. వెనక్కి నడిచి పొడుస్తుంది, ముల్లు ఊడి శత్రువు ఒంట్లో దిగబడుతుంది. కరువు కథలో అడవి దుంపలు ఎండిపోతున్నాయని మోగ్లీకి మొదట చెప్పేది ఇదే. ఆ దుంపల్ని మన్యంలో నాగలి దుంపలంటారు. గాదెలు అడుగంటిన నెలల్లో ఏదుపందికీ మనిషికీ అవే దిక్కు.

కరైత్ అంటే కట్లపాము. కాకపోతే కిప్లింగ్ దాన్ని దుమ్ము రంగు చిన్న పాముగా వర్ణించాడు. కట్లపాము నల్లగా, తెల్ల కట్లతో ఉంటుంది. ఆయన వర్ణన చిన్న పింజరకు నప్పుతుందని పాముల సంగతి తెలిసినవాళ్లు అంటారు. పేరు మారితే పోయేదేముంది అనుకోవద్దు. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, ఒక్కోసారి గాటు కూడా కనపడదు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతుంటే ఏదో జబ్బనుకుంటారు. మంచం, దోమతెర, వేళకు ఆసుపత్రిలో విరుగుడు సూది... ఇవే ఆదుకునేవి. ముంగిస ఏదో ఆకు తిని విషం విరుచుకుంటుందనే నమ్మకం మన ఊళ్లలో ఎంత ఉందో ఆ కథలోనూ అంతే ఉంది. అది నిజం కాదని కిప్లింగే తేల్చేశాడు. ముంగిస బలం దాని చురుకుదనం. పైగా నాగుపాము విషం దాని కండరాలకు అంత తేలిగ్గా అంటుకోని ఏర్పాటు దాని ఒంట్లోనే ఉందని తర్వాత శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు.

మంచె మీద మనిషి

మచాన్ అన్న మాటకు ఇంగ్లీషు నిఘంటువులో చోటుంది. పులుల వేటకు దొరలు ఎక్కి కూర్చునేదని అర్థం చెబుతారు. మనకు మంచె అంటే వేట గుర్తురాదు, చేను గుర్తొస్తుంది. సాలూరు, పాచిపెంట, మక్కువ మండలాల్లో కొండవాలు పొలాల్లో చోళ్లు, సామలు, జొన్నలు పండే వేళకు నాలుగు గుంజల మీద కర్రలు పరిచి, పైన ఇంత గడ్డి కప్పి మంచె కడతారు. పగలు చిలకల్ని ఒడిసెల రాళ్లతో తోలాలి, రాత్రి పందుల్ని డబ్బాలు వాయించి బెదరగొట్టాలి. పంట ఇంటికొచ్చేదాకా కాపలా మనిషికి అదే ఇల్లు.

'లెటింగ్ ఇన్ ద జంగిల్' అన్న కథలో సరిగ్గా ఇలాంటి మంచెలే ఉన్నాయి. తనను తరిమేసిన ఊరి మీద పగతో మోగ్లీ అడవి మొత్తాన్నీ ఉసిగొల్పుతాడు. మొదట ఏనుగు హాథీ, అతని ముగ్గురు కొడుకులూ వస్తారు.  మంచె గుంజలు పుల్లల్లా విరుగుతాయి. కాపలా మనిషి కింద పడేసరికి చెవి పక్కనే ఏనుగు గొంతులోని గుడగుడ. ఆపైన జింకలు, పందులు చేలు మేసేస్తాయి. తర్వాత విత్తనాల గింజలు పోతాయి, వానలకు కప్పులు దిగుతాయి, గోడలు కూలతాయి. జనం ఊరొదిలి పోతారు. హైదరాబాద్‌లోనో లండన్‌లోనో చదివే పిల్లలు ఈ ఘట్టంలో హాథీకి చప్పట్లు కొడతారు.

పార్వతీపురం దాటి కొమరాడ, జియ్యమ్మవలస, గరుగుబిల్లి మండలాల్లో ఆ కథ చదివితే అలా ఉండదు. ఒడిశా వైపునుంచి వచ్చిన ఏనుగుల గుంపు ఏళ్ల తరబడి ఆ పొలాల్లోనే తిరుగుతోంది. రాత్రికి రాత్రి అరటి తోట నేలమట్టమవుతుంది. వరి కుప్పలు, చెరకు, మొక్కజొన్న, దేన్నీ వదలవు. అడ్డం వచ్చి ప్రాణాలు పోగొట్టుకున్న మనుషులూ ఉన్నారు. ఏనుగులకూ మిగిలిందేమీ లేదు. 2023 మేలో భామిని మండలం కాత్రగడ దగ్గర కరెంటు షాక్ తగిలి నాలుగు ఏనుగులు ఒకేసారి చనిపోయాయి. జనం పూలు, పసుపు, కుంకుమలు తెచ్చి దండం పెట్టారంటే ఆశ్చర్యమేమీ లేదు. మంచె మీదినుంచి తిట్టిన నోళ్లే అవి. కిప్లింగ్ కథలో అడవిదో, ఊరిదో ఒకరి పక్షం తీసుకోవచ్చు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు.

షేర్‌ఖాన్ కుంటి పులి అని చాలామందికి గుర్తుండదు. పుట్టుకతోనే అవిటి, అందుకే అడవి జంతువులు చిక్కక పశువుల మీద పడ్డాడని తోడేలు తల్లి చెబుతుంది. ఊళ్లమీదికి వచ్చే పులుల్లో గాయపడ్డవో, ముసలివో ఉంటాయన్నది వేటగాళ్లు కూడా రాసిన మాట. 2022లో విజయనగరం జిల్లాలో పెద్దపులి పాదముద్రలు కనిపించినప్పుడు చీకటి పడితే పొలాలకు పోవద్దని అటవీ శాఖ హెచ్చరించింది. అది కుంటిదేమీ కాదు. అడవి సరిపోక దారి వెతుక్కుంటున్న పులి అయ్యుండొచ్చు.

ఆ ఊరి కథ చివర్లో మోగ్లీ ఓ శాపం పెడతాడు. ఇళ్ల మీద 'కరేలా' అల్లుకోవాలని. ఆ పదం దగ్గర ఆగిన పిల్లాడు అదేదో విషపు తీగ అనుకుంటాడు. వానలు పడేసరికి కూలిన గోడల మీద ఆ తీగే పచ్చగా పాకి ఊరి గుర్తు లేకుండా చేస్తుంది. కరేలా అంటే కాకర. ఉల్లికారం కూరి వేయించుకుని, పథ్యమని పిల్లల చేత బలవంతంగా తినిపించే మన కాకరకాయే.

జులై వచ్చిందంటే సాలూరు కూరగాయల బజారులో అడవి కాకరకాయలు కుప్పలు పోస్తారు. గుండ్రంగా, ఒంటి నిండా మెత్తటి ముళ్లతో, కోడిగుడ్డంత ఉంటాయి. చేదు ఉండదు. కొండ ఊళ్లనుంచి మొదటి బస్సులో గంపలతో దిగిన ఆడవాళ్లు వాటిని తూకం వేసి కాదు, వాటాలు పెట్టి అమ్ముతారు. పది దాటేసరికి గంపలు ఖాళీ. ఆలస్యంగా వచ్చినవాళ్లకు మామూలు కాకరే గతి.